మంచు మీద నాలుగు చుక్కలు

గోడ మేకు నుంచి చెక్క తీసిన చప్పుడు వినగానే ఆర్తెమీజ్ ఊగుడు కుర్చీ ఆగిపోయింది.

"అదెందుకు తీశావ్?"

బ్లాందీన్ జవాబు చెప్పకుండా ఆ చెక్కను తెచ్చి వంటబల్ల మీద మిగతావాటి పక్కన పెట్టింది. అన్నీ అరచేతికన్న కొంచెం పెద్దవైన బర్చి చెట్టు చెక్కలు. ఒక్కోదాని మీద తాను రంగులతో వేసిన ఒక్కో వాతావరణం. కరిగే మంచులో పొలం కంచె, పొగమంచులో చర్చి శిఖరం, నవంబరు వానలో బురద బాట. ఒకదానికొకటి రాసుకోకుండా మధ్య మధ్య పాత దుప్పటి పీలికలు పెట్టి కడుతోంది.

"నిన్నే అడుగుతున్నా."

"మాస్టారు అన్నీ తెమ్మన్నారత్తమ్మా. మోంట్రియాల్ నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడట. వసంతంలో పెట్టే ప్రదర్శనకి బొమ్మలు ఏరుకుంటాడట."

"అన్నీ అంటే అదీ అనా? అదొకటుందని మీ మాస్టారికి తెలుసా?"

తెలియదు. ఏడాదిగా ఆ చెక్క ఈ వంటింటి గోడ దాటి బయటికి పోలేదు.

"ఊరికే చూపించి తెచ్చేస్తాను."

"ఇలా ఇయ్యి."

బ్లాందీన్ తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది. ఆర్తెమీజ్ రెండు కళ్ళకీ పొరలు కమ్మి చాలాకాలమైంది. వెలుతురు ఎటు ఉందో తెలుస్తుంది, అంతే. ఆవిడ బొటనవేలు చెక్క పైఅంచు నుంచి మెల్లగా కిందికి దిగింది. పైన ఆకాశం నున్నగా ఉంటుంది. దాని కింద దీవి, సన్నటి గట్టులా. ఆ తర్వాత నది, పగిలిన మంచుగడ్డలన్నీ గరుకు గరుకుగా. కుడివైపు ఒకచోట వేలు ఆగింది. అక్కడ నువ్వుగింజలంత నాలుగు రంగుబొట్లు పైకి తేలి ఉన్నాయి.

"ఇదిగో, ముందు ఫిలియాస్. వాడి వెనక మనవాడు" అంది ముసలావిడ. రోజూ సాయంత్రం జపమాల తిప్పడం అయ్యాక అనే మాటే.

"వేళవుతోందత్తమ్మా."

"ఆ పెద్దమనిషి తీసుకుంటానంటే ఏం చేస్తావ్?"

బ్లాందీన్ చెక్క అందుకుంది.

"ఆయన తీసుకోవాలనే ఉంది నీకు" అంది ఆర్తెమీజ్. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బ్లాందీన్‌కి మోయడం కాస్త సులువయ్యేది.

సెంత్-మోద్‌లో నదిని నది అనే అంటారు గాని అక్కడికి వచ్చేసరికి అది ఉప్పగా ఉంటుంది, సముద్రంలా దానికీ ఆటుపోట్లుంటాయి. చలికాలం గడ్డకట్టి ఊరుకోదు. ఇళ్ళంతేసి మంచుగడ్డలు పోటుతో పైకి, ఆటుతో కిందికి కొట్టుకుపోతూనే ఉంటాయి. దీవిలోవాళ్ళకి టపా చేరాలంటే నలుగురు మగాళ్ళు పడవను మంచుగడ్డల మీద తోసుకుంటూ, నీళ్ళు కనబడ్డచోట ఎక్కి తెడ్లు వేస్తూ పోవాలి. కిందటి ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున అలా వెళ్ళిన నలుగురిలో ఆర్తెమీజ్ కొడుకు, బ్లాందీన్ మొగుడు రొజేర్ ఒకడు. ఆ ఉదయం బ్లాందీన్ కొండకొమ్ము మీద రంగులపెట్టె తెరుచుకుని కూర్చుంది. రంగుగొట్టాలు గడ్డకట్టకుండా చంకలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి పిండుకుంటూ వేస్తోంది. కిందనుంచి రొజేర్ అరిచాడు: "ఒసే, నన్ను కాస్త మనిషిలా వెయ్యవే! ఎప్పుడూ దోమలా వేస్తావు!" మిగతా ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, వాళ్ళు నది నడుమకు చేరేదాకా ఆగి, కుంచె కొసతో నాలుగు బొట్లు పెట్టింది. దోమలంతే. గాలి తిరిగిందని పెట్టె మూసుకుని ఇంటికి వచ్చి సూపు పొయ్యిమీద పెట్టింది. మధ్యాహ్నానికి పడవ ఒక్కటే దొరికింది, బోర్లా పడి. మనుషులు దొరకలేదు. వసంతంలో మంచంతా కరిగి పోయాక కూడా దొరకలేదు.

*

ఒనెజీమ్ లావలే మాస్టారు బొమ్మలు వేసే గది పాత పడవల కొట్టానికి పై అంతస్తు. కింద ఆయన కాపురం. ఉత్తరం వైపు పెద్ద కిటికీ. పెళ్ళికి ముందు, ఊరి బళ్ళో పంతులమ్మగా ఉన్న రోజుల్లో, బ్లాందీన్ మొదటిసారి ఆ మెట్లెక్కింది. మొదటి చలికాలమంతా ఆయన ఆమెకు తెల్లరంగు గొట్టం ఇవ్వలేదు. "మంచు వెయ్యి. తెలుపు లేకుండా వెయ్యి. తెల్లగా ఉందని నీకెవరు చెప్పారు? పోయి చూడు" అని తరిమేవాడు. ఆమె పోయి చూసేది. నీలం, గులాబి, పసుపు, మేఘం పట్టినప్పుడు తుప్పురంగు. శనివారం శనివారం తెచ్చి చూపిస్తే ఆయన కాసేపు గొణిగి, "జరుగు పిల్లా" అనేవాడు. ఆమె జరిగేది. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని, ఆమె చెక్క మీదే, ఆమె కుంచెతోనే రెండు గీతలు లాగేవాడు. అంతవరకు చచ్చినట్టు పడున్న మంచు లేచి కూర్చునేది. తన బొమ్మ మీద ఆయన చెయ్యి పడటం ఆమెకు ఎన్నడూ చిన్నతనం అనిపించలేదు. ప్రసాదంలా తీసుకుంది.

మోంట్రియాల్ మనిషి పేరు దెరివియేర్. బొచ్చు కాలరు కోటు విప్పకుండానే పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. నెమ్మదైన మనిషి. చెక్కను అంచులతో మాత్రమే పట్టుకునే మర్యాద తెలిసినవాడు. మాస్టారి బొమ్మలు రెండు ఏరి పక్కన పెట్టాడు. ఆ తర్వాత బ్లాందీన్ మూట విప్పింది.

కంచె చూశాడు, "ఊఁ" అన్నాడు. చర్చి శిఖరం చూసి తల ఊపి పక్కన పెట్టాడు. ఆమె అడుగున ఉంచిన చెక్క ఆఖర్న తీసింది. తీస్తున్నప్పుడు దాన్ని మళ్ళీ దుప్పటి కింద తోసేద్దామనిపించింది. తోయలేదు.

దెరివియేర్ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించుకుని ఆయన భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇదెప్పుడేశావ్?" అన్నాడు మాస్టారు.

"కిందటేడు."

"నాకు చూపించలేదే!"

"ఇంట్లో ఉండిపోయింది."

"ఈ వెలుగు చూశారా?" దెరివియేర్ మెల్లగా అన్నాడు. "తెల్లారి ఇంకా తేలని వెలుగు. గడ్డలు కదులుతున్నాయి. నిజంగా కదులుతున్నాయి. పారిస్ పోయి నేర్చుకొచ్చినవాళ్ళు కూడా ఇంత ధైర్యంగా వెయ్యరు. అమ్మా, ఇది మీరే వేశారు కదా?"

బ్లాందీన్ చెవులు వేడెక్కాయి. ఏడాదిగా నవ్వని ముఖం నవ్వబోయింది. ఆ నవ్వుకి ఆమెకే సిగ్గేసింది.

"ఒక్కటే ఇబ్బంది" అన్నాడాయన. చిటికెన వేలితో, తాకకుండా, కుడివైపు చూపించాడు. "ఈ మరకలేమిటి? ఈగ వాలినట్టున్నాయి. చూపు తిన్నగా దీవిదాకా పోవాల్సింది, ఇక్కడ కాలు తట్టుకుని ఆగిపోతోంది."

మాస్టారు ఒంగి చూశాడు. "గడ్డల నీడలు. చేతికి కాస్త ఎక్కువ రంగు వచ్చుంటుంది. అంతేనా పిల్లా?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. చెప్పడానికి ఒక్క మాట చాలు. కాని ఆ మాట చెప్పిన మరుక్షణం ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ నెమ్మదైన మనిషి ముఖం జాలితో మెత్తబడుతుంది. చెక్కను మళ్ళీ చూస్తాడు గాని వెలుగునూ మంచునూ చూడడు. మోంట్రియాల్‌లో విధవ వేసిన బొమ్మ అంటారు. ఆ పేరుతోనే గోడకెక్కిస్తారు, ఆ పేరుతోనే దించుతారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బొమ్మను బొమ్మగా చూడనివ్వాలని ఆమెకు ఆశ పుట్టింది.

"అంతే" అంది.

"అయితే ఈ రాత్రి ఇక్కడే ఉంచండి. రేపు మధ్యాహ్నం నా బండి వస్తుంది. పొద్దుటి వెలుతురులో ఇంకోసారి చూసి చెబుతాను" అన్నాడు దెరివియేర్.

*

ఆ రాత్రి అత్త అడిగితే రేపు తెస్తానని మాత్రం అంది. మర్నాడు పొద్దున్నే ఆమె మోకాలిలోతు మంచులో కొండ దిగుతూ అనవలసిన మాటలు నోట్లో తిప్పుకుంది. అవి మరకలు కావండి. మనుషులు. ఉన్నదున్నట్టు తీసుకెళ్తే తీసుకెళ్ళండి, లేదా నా చెక్క నాకిచ్చేయండి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పకూడదు. ఏడవకూడదు.

మెట్లెక్కేసరికి దెరివియేర్ ఇంకా కింద గదిలో కాఫీ తాగుతున్నాడు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి, గడ్డంలో నీలం అంటుకుని, పండగ పూట పిల్లాడిలా ఉన్నాడు.

"రా రా! తెల్లారకుండానే లేచాను నీకోసం. చూడు."

స్టాండు మీద చెక్క ఉంది. ఆమె చూసింది.

కుడివైపు, నాలుగు బొట్లున్నచోట, పల్చటి నీలం మీద ఒక తెలుపు చార పడింది. ఒకే ఒక్క లాగుడు. దానితో నది మొత్తం వెడల్పైంది. మధ్యలో ఆగిపోయే చూపు ఇప్పుడు గడ్డ మీంచి గడ్డ మీదికి జారుకుంటూ దీవిదాకా, దీవి వెనక వెలుగుదాకా పోతోంది. చలి పెరిగింది. దూరం పెరిగింది.

బొమ్మ బాగుపడింది. ముందు దానికంటే బాగుంది. అది ఆమెకు వెంటనే తెలిసింది. తెలియకుండా ఉండటం ఎలాగో ఆయన ఆమెకు నేర్పలేదు.

"ఏమంటావ్?" అన్నాడు మాస్టారు.

"గీకారా?"

"ఏంటీ?"

"పైన పూసేముందు... కిందది గీకారా?"

"గీక్కుండా ఎలా పూస్తాను? ఎత్తుగా ఉన్నదాని మీద ఎంత పూసినా పక్క వెలుతురులో కనబడి చస్తుంది. ఎన్నిసార్లు చెప్పానే నీకు! చాకుతో సాపు చేసి, గుడ్డతో తుడిచి..." ఆయన చెయ్యి అలవాటుగా పొయ్యి వైపు ఊగింది. రంగు గుడ్డలు ఆయన ఎప్పుడూ అందులోనే వేస్తాడు.

బ్లాందీన్ పొయ్యి వైపు చూసింది. ఇనుప తలుపు సందులోంచి ఎర్రగా కనిపిస్తోంది.

ఆమె బల్ల మీంచి ఒక గుడ్డ తీసుకుంది. టర్పెంటైను సీసా ఒంచి తడిపింది.

"ఏం చేస్తున్నావ్? ఏయ్! పిల్లా!"

పొద్దున పూసిన రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క తుడుపుకి లేచి వచ్చేసింది. తెలుపు పోయింది, నీలం పోయింది. ఆమె వంగి, ముక్కు చెక్కకు తగిలేంత దగ్గరగా చూసింది. గీకేశారని తెలిసీ వెతికింది. అక్కడ బర్చి చెక్క ఒక్కటే ఉంది. నున్నగా, కాస్త బూడిదరంగు మరకతో, కొత్తగా మానిన పుండులా.

"పిచ్చెక్కిందా నీకు? నా చార బాగాలేకపోతే నోటితో చెప్పొచ్చుగా!"

"బాగుంది మాస్టారూ. చాలా బాగుంది."

"మరి?"

"అక్కడ నలుగురు మనుషులుండేవాళ్ళు."

మాస్టారి చూపు చెక్క మీదికి, కిటికీలోంచి నది మీదికి, మళ్ళీ చెక్క మీదికి పోయింది.

"ఆ రోజా?" అన్నాడు చివరికి.

"ఆ రోజు పొద్దునే."

ఆయన తడుముకుంటూ వెనక్కి అడుగేసి కట్టెలపెట్టె మీద కూలబడ్డాడు. "నిన్న అడిగానుగా నిన్ను. నీ మొహం చూసే అడిగాను. చెప్పొద్దూ!"

"చెబితే మీరు బొమ్మ చూసేవాళ్ళు కాదు. నన్ను చూసేవాళ్ళు."

కింద గదిలో కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడైంది. మాస్టారు రెండు అరచేతులూ మోకాళ్ళకు రుద్దుకున్నాడు. నీలం రంగు లాగుకు అంటుకుంది.

"రొజేర్ ఎన్నోవాడు?"

"రెండో చుక్క."

"నీడ అనుకున్నానే. దేవుడి తోడు. నీడ అనుకున్నాను." కుంచెల వైపు చెయ్యి చూపించాడు. "మళ్ళీ పెట్టు. నీ చేతిలో పని. ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో నీకు తెలుసుగా. చిటికెలో పని. నేనా మనిషితో చెబుతాను, ఇష్టమైతే తీసుకుంటాడు, లేకపోతే పొమ్మను."

ఆమె కుంచె తీసుకుంది కూడా. గోధుమరంగులో నీలం కలిపితే ఆ పొద్దుటి కోట్ల రంగు వస్తుంది. కొసకు రంగు తీసుకుని చెక్క దగ్గరిదాకా తీసుకెళ్ళింది. ఫిలియాస్ ముందు. వాడి వెనక రొజేర్. కాస్త ఎడమకా? పడవకు ఇటువైపా, అటువైపా? ఒక కాలు మంచు మీద, ఒక కాలు పడవ అంచు మీద ఉందా, లేక రెండు కాళ్ళూ... ఏడాదిగా ప్రతి రాత్రీ తలుచుకుని తలుచుకుని ఆ మనిషిని ఆమె అరగదీసింది. ఇప్పుడు తలపుకొచ్చేది ఆ పొద్దుట చూసినవాడు కాదు. వంటింటి గోడ మీద చూసిన చుక్క.

కుంచె దించేసింది.

"రాదు మాస్టారూ."

"ఎందుకు రాదు?"

"ఆ రోజు చూసి వేశాను. ఇప్పుడు వేస్తే ఊహించి వేసినట్టు. చూడనిది వెయ్యొద్దని మీరే కదా..."

"నేను వంద వాగుతాను! ఇదొక్కసారికి..."

"వాళ్ళని చూసింది ఆ ఒక్కసారే" అంది బ్లాందీన్. "వాళ్ళు లేకపోవడం రోజూ చూశాను. కొండకొమ్ము మీదికి పోని రోజు లేదు. మబ్బులో చూశాను, ఎండలో చూశాను. ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

మాస్టారు లేచి, స్టాండు ముందున్న ముక్కాలిపీటను కాలితో ఆమె వైపు జరిపాడు. రంగుల పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం కావాలి?"

ఆమెకు ఒక్కక్షణం అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆయన ఎవరికీ రంగు కలిపిపెట్టడం ఆమె చూడలేదు.

"సీసపు తెలుపు. కొంచెం. అంత కాదు."

ఆయన చాకుతో సగం తీసేశాడు.

"నీలం ఇంకాస్త. ఇంకా. అందులో నల్లగా ఏదన్నా... మట్టిరంగు. చాలు."

ఆయన కలిపి పళ్ళెం ఆమె ముందు పట్టుకున్నాడు. బ్లాందీన్ కూర్చుంది. ఆయన గీసినట్టు ఒక్క లాగుడుతో వెయ్యలేదు. ముందు అడుగున నల్లటి నీరు వేసింది, మంచు విడిపోయినప్పుడు కనబడే నీరు. దాని మీద ఒక పల్చటి గడ్డను తెచ్చింది, ఇంకొకటి తెచ్చి దానికి ఆనించింది. రెంటి మధ్యా సన్నటి నల్లసందు మిగిలింది. దాన్ని కూడా మూసేయాలి. ఆటు తిరిగేవేళకు అది మూసుకుపోతుంది, ఆమె చూసింది. కుంచె కడిగి, పిండి, కొస సన్నగా చేసుకుని, తెలుపు తీసుకుని ఆ సందు మీద ఎడమ నుంచి కుడికి లాగింది. మూసుకుపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. దెరివియేర్ వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

"ఆహా" అన్నాడు. "ఇదండీ. ఇదీ నది. మాస్టారూ, నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక లేదు. మీ చెయ్యి పడిందంటే మరి..."

"నా చెయ్యి పడ్డచోట ఆవిడ తుడిచేసింది" అన్నాడు ఒనెజీమ్ గరుకుగా. "ఇందులో నాది వెంట్రుకంత లేదు. కాగితం మీద ఎవరి పేరు రాస్తున్నారో చూసుకుని రాయండి."

దెరివియేర్ కంగారుగా తల ఊపాడు. బొమ్మకు ఏం పేరు పెట్టాలని బ్లాందీన్‌ని అడిగాడు. ఆమెకు ఏ పేరూ తోచలేదు. "నది అని రాసుకోండి" అంది. రంగు ఆరలేదని, మీద ఏదీ తగలకుండా నాలుగు మూలలా బిరడా ముక్కలు పెట్టి కట్టమని చెప్పింది. ఆయన కట్టడం నిలబడి చూసింది. బండి గంటలు కొండ మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా మాస్టారూ ఆమే కిటికీ దగ్గర పక్కపక్కనే ఉన్నారు.

*

ఆమె ఇల్లు చేరేసరికి వంటింట్లో పొయ్యి చల్లబడుతోంది. కట్టెలు వేసి, బఠానీ సూపు వెచ్చబెట్టి, గిన్నె అత్త చేతికిచ్చింది. ఆర్తెమీజ్ గిన్నె ఒళ్ళో పెట్టుకుంది గాని చెంచా ముట్టుకోలేదు.

"ఒట్టి చేతుల్తో వచ్చావు. అడుగుల్లోనే తెలిసింది" అంది.

బ్లాందీన్ ఆమె కాళ్ళ దగ్గర కట్టెల దుంగ మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. నిన్న మరకలన్నప్పుడు తాను ఊరుకోవడం దగ్గర్నుంచి. దాచలేదు. ఊరుకున్నది ఎందుకో కూడా చెప్పింది. మాస్టారు గీకేసిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ముసలావిడ కళ్ళు మూసుకుంది.

"మొత్తం పోయారా? ఒక్కరూ మిగల్లేదా?"

"లేదత్తమ్మా."

"ఇప్పుడేముంది ఆ చోట?"

"మంచు. గడ్డలు మూసుకుపోయాయి."

"మీ మాస్టారే పూశాడా అది కూడా?"

"ఆయన పూసింది తుడిచేశాను. నేనే పూశాను."

"నీ చేత్తో?"

"నా చేత్తోనే."

ఆర్తెమీజ్ గిన్నె తీసి పక్కన నేల మీద పెట్టింది. చెయ్యి చాచి కోడలి తల ఎక్కడుందో వెతికి పట్టుకుంది.

"తిట్టాలనే ఉంది నిన్ను" అంది. "నిన్ననే తిట్టాల్సింది, నువ్వు తీసుకెళ్ళేటప్పుడే. కానీ వాడికి మనం ఏం చెయ్యగలిగాం చెప్పు? ఒళ్ళు కడిగామా? మంచి చొక్కా తొడిగామా? పిడికెడు మట్టి వేశామా? ఏడాదిగా వాడు నీళ్ళ మీద తిరుగుతూనే ఉన్నాడు, నేను వేలితో నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఎవరో ఒకరు కప్పాలి కదా వాణ్ణి. ఆ మోంట్రియాల్ వాడో, ముసలాడో కప్పే బదులు నువ్వు కప్పావు. మేలే."

పొయ్యిలో కట్టె చిటపటమంది. బయట ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి పడ్డ ఆఖరి ఎండ నేల మీద సూపు గిన్నెదాకా వచ్చింది.

"చెయ్యి వణికిందా తల్లీ?" అని అడిగింది ఆర్తెమీజ్.

బ్లాందీన్ తన కుడిచెయ్యి చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లరంగు ఉంది.

"లేదు" అంది. "వణకలేదత్తమ్మా. అస్సలు వణకలేదు."

ఆ మాట ఇంకోసారి అనబోయి అనలేక, ఆ చేతినే నోటికి అడ్డం పెట్టుకుంది.